గార్గోయిల్‌ని ముఖలింగం గుడి మీద కూర్చోబెడితే ఎక్కడ తేడా కొడుతుంది?
(రాసేవాళ్ళ ఫోరంలో ఒక చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది సభ్యుల పేరు.)

వంశధార గట్టు
యువతరం కోసం ఒక సీరియల్ నవల రాస్తున్నాను. పారానార్మల్ ప్రేమకథ. అమ్మాయి పల్లవి, 18 ఏళ్ళు, శ్రీకాకుళంలో డిగ్రీ మొదటి సంవత్సరం, ఊరు శ్రీముఖలింగం పక్కన. అబ్బాయి గార్గోయిల్, పగలు రాయి, రాత్రి మనిషి, వయసు 900 ఏళ్ళు. మధ్యలో ఒక అసురుడు, వాడూ అందగాడే. 40 భాగాలు, ఒక్కోటి 1300 మాటలు, అంటే మొత్తం 52,000. మొదటి పేరా ఇదీ, మొహమాటం లేకుండా కొట్టండి:

"చంద్రకాంతిలో గోపురం అంచున రెక్కలు ముడుచుకుని కూర్చున్న గార్గోయిల్ కళ్ళు ఎర్రగా వెలిగాయి. ‘నువ్వు నాకు చెందినదానివి’ అన్నాడతను. ‘నువ్వు నిద్రపోతుంటే వెయ్యి రాత్రులు నీ కిటికీ దగ్గర కాపలా కాశాను.’ పల్లవి గుండె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొట్టుకుంది."

గోముఖి
మొదటి వాక్యంలోనే రెండు తప్పులు. ముఖలింగంలో ఉన్నది కళింగ పద్ధతి గుడి. మదురై వైపు చూసే మెట్లమెట్ల గోపురం కాదు, గర్భగుడి మీద నిటారుగా లేచి పైన లోపలికి వంగే శిఖరం. దాన్ని రేఖా దేవళం అంటారు. దానికి కూర్చోవడానికి వీలైన "అంచు" ఉండదు.

రెండోది గార్గోయిల్ అన్న మాట. ఫ్రెంచిలో దానికి మూలం గొంతుక. పైకప్పు మీద పడ్డ వాననీరు గోడ వెంట కారకుండా దూరంగా ఉమ్మే తూము అది. నోట్లోంచి నీరు రాకపోతే అది గార్గోయిల్ కాదు, ఉత్త వికృత శిల్పం. పారిస్ నోత్రదామ్ చర్చి మీద చేతుల్లో గడ్డం ఆనించుకుని ఊరిని చూసే కొమ్ముల బొమ్మని అందరూ గార్గోయిల్ అనే అంటారు. అది మధ్యయుగాలది కూడా కాదు, 19వ శతాబ్దంలో వియోలె ల దుక్ మరమ్మతులప్పుడు పెట్టించినది.

మన గుళ్ళలో ఈ పని నలుగురు పంచుకున్నారు. నీళ్ళు బయటికి పంపేది ప్రణాళం, అభిషేకం నీళ్ళు ఉత్తరం వైపు గోముఖి లోంచి పడతాయి కదా, అది. భయపెట్టేది కీర్తిముఖం. గుమ్మం కాసేవాళ్ళు ద్వారపాలకులు. ఏనుగు మీద లంఘించే గజసింహం బలానికి గుర్తు. ఈ నలుగురిలో ఒకణ్ణి ఎంచుకోండి. నలుగురినీ కలిపి రెక్కలు తగిలిస్తే అది ఏ ఊరి గుడీ కాదు.

మూడు లాంతర్ల సెంటర్
గోముఖి గారు చెప్పినదానికి ఒక మెట్టు కింద అసలు చిక్కు ఉంది. పడమటి నవలల్లో గార్గోయిల్ జాతి వేరు, డెమన్ జాతి వేరు, రెండింటికీ తరతరాల పగ. మన దగ్గర ఆ లెక్క నిలబడదు, ఎందుకంటే మన కథల్లో కాపలావాడూ రాక్షసుడూ ఒకడే.

జయవిజయులు వైకుంఠం గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు. సనకాదులు శపిస్తే, ఏడు జన్మలు భక్తులుగానా మూడు జన్మలు శత్రువులుగానా అంటే మూడే చాలన్నారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు వీళ్ళే. కీర్తిముఖం సంగతి ఇంకా తమాషా. జలంధరుడి తరఫున రాహువు రాయబారం వస్తే శివుడి కోపంలోంచి పుట్టిన సింహముఖుడు అది. రాహువుని తినొద్దన్నాక, మరి ఆకలి ఎలాగంటే నిన్ను నువ్వే తినమన్నాడు శివుడు. కాళ్ళు, చేతులు, ఒళ్ళు తినేసి మొహం ఒక్కటే మిగిల్తే, గుమ్మం మీద నువ్వే ఉండమన్నాడు. అంతెందుకు, కడుతున్న ఇంటికి వేలాడే దిష్టిబొమ్మ చూడండి: కోరలు, మీసాలు, బయటికి వేలాడే నాలిక. రాక్షసుడి మొహమే, కాపలా మాత్రం మన ఇంటికి.

కాబట్టి ఇక్కడ "గార్గోయిల్" అనేది జాతి కాదు, ఉద్యోగం. ఆ ఉద్యోగం వదిలేసినవాడు అసురుడు. ఇలా పెట్టుకుంటే మీ ముక్కోణం దానంతటదే కుదురుతుంది.

వంశధార గట్టు
అంటే అసురుడు వేరే లోకం నుంచి రానక్కర్లేదా?

మూడు లాంతర్ల సెంటర్
అక్కర్లేదు. గుమ్మానికి అటొకడు ఇటొకడు, ఇద్దరు ద్వారపాలకులు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం మీ ముఖలింగమే అంటారు. అనంతవర్మ చోడగంగు కాలంలో, 12వ శతాబ్దంలో, రాజధాని కటకానికి (ఇప్పటి ఒడిశాలోని కటక్) మారింది. రాజు పోయాడు, కొలువు పోయింది. కుడివైపువాడు నిలబడ్డాడు, ఎడమవైపువాడు దిగి వెళ్ళిపోయాడు. మీ 900 ఏళ్ళకి అక్కడ సరిగ్గా సరిపోయింది. ఇద్దరిదీ ఒకే రాయి, ఒకే శిల్పి, ఒకే రోజు పుట్టుక. పల్లవికి ఎవరు నచ్చినా పాఠకుడికి అర్థమవుతుంది. వెళ్ళిపోయినవాడి వాదనలోనూ పస ఉంటుంది: కాపలా కాయడానికి రాజే లేనప్పుడు ఎవరికోసం?

అసురులతో ప్రేమ మనకేం కొత్త కాదు. ఉష బాణాసురుడి కూతురు. కలలో చూసిన కుర్రాణ్ణి చిత్రరేఖ బొమ్మలు గీసి చూపిస్తే గుర్తుపట్టింది. హిడింబి భీముణ్ణి తనే అడిగింది. రెండు చోట్లా మొదట మనసు పడ్డది ఆడపిల్లే. పల్లవి చేతికి కూడా ఆ చొరవ ఇవ్వండి.

నాటుపెంకు
నేను బరువు గురించే మాట్లాడతాను. ఈ రకం నవలలన్నీ పడేది అక్కడే.

మనిషి ఒళ్ళు ఇంచుమించు నీటి సాంద్రత. 55 కిలోల కుర్రాడు 55 లీటర్ల చోటు ఆక్రమిస్తాడు. అదే చోట రాయి ఉంటే, లీటరుకి 2.7 కిలోల లెక్కన, సుమారు 150 కిలోలు. ఇక చూడండి:

పెంకుటిల్లు మీద రాత్రి మనిషిగా వాలొచ్చు, అదీ వాసం ఉన్న చోట కాలేస్తేనే. తెల్లారి అక్కడే రాయైతే వాసం, పెంకు, కింద పడుకున్న తాతగారు ఒకేసారి పోతారు.

డాబా పర్వాలేదు. జనం ఎక్కే శ్లాబుని చదరపు మీటరుకి 150 కిలోల అదనపు బరువుకి డిజైన్ చేస్తారు. మెల్లగా కూర్చుంటే ఆగుతుంది, పైనుంచి దూకితే హామీ లేదు.

పిట్టగోడ మీద గొంతుక్కూర్చోవడం, కవరు బొమ్మకి అందరూ వేయించే భంగిమ, అసలు కుదరదు. నాలుగంగుళాల ఇటుక గోడ, కింద శ్లాబులోకి కడ్డీ ఉండదు. 150 కిలోలు ఒక అంచున పడితే గోడతో సహా వీధిలో ఉంటాడు.

ఈ ఇబ్బందినే కథకి వాడుకోండి. తెల్లారే లోపు తన పీఠం మీదికి చేరకపోతే ఎక్కడ ఉంటే అక్కడ రాయి. 150 కిలోల విగ్రహాన్ని తిరిగి గుడికి చేర్చాలంటే నలుగురు మనుషులు, వెదురు బొంగులు, ఒక ట్రాక్టరు తొట్టి కావాలి. అది పల్లవి ఎవరికీ చెప్పకుండా చెయ్యలేని పని. 20వ భాగానికి పెట్టుకోదగ్గ గండం ఇది.

తేలినీలాపురం కొంగ
రెక్కల లెక్క నాది. ఎగిరే పక్షుల్లో బరువైనవి కూడా చదరపు మీటరు రెక్కకి సుమారు 25 కిలోలు దాటవు. మీవాడు రెక్కలతో కలిపి 70 కిలోలనుకుంటే దాదాపు 3 చదరపు మీటర్లు కావాలి. అర మీటరు వెడల్పైతే ఒక్కో రెక్క 3 మీటర్లు, చాచితే 6 మీటర్ల పైన. ఊళ్ళో సందు వెడల్పే 3 మీటర్లు. సందులో రెక్క విప్పలేడు, నేల మీదనుంచి లేవలేడు. ఎత్తునుంచి దూకి తేలడమే. కిందికి ఒక మీటరు దిగితే ముందుకి ఆరు మీటర్లు పోతాడనుకోండి, 20 మీటర్ల శిఖరం మీంచి 120 మీటర్లు. తర్వాత నడకే. సెల్ టవర్ దొరికితే అదృష్టం.

నన్నడిగితే రెక్కలు తీసెయ్యండి. ద్వారపాలకుడికి రెక్కలెక్కడివి?

గోముఖి
రెక్కలు తీసెయ్యాలని నాదీ ఓటు. రాయి ఏదో కూడా తేల్చుకోండి. తూర్పు కనుమల్లో దొరికేది ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదే దానికాపేరు. కోణార్క్‌లో ఎక్కువ భాగం అదే. అందులో ఎర్రటి గోమేదికపు గింజలు, అక్కడక్కడా గ్రాఫైటు మెరుపు ఉంటాయి. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నీళ్ళు తగిలి తగిలి తెల్లటి సుద్దమట్టి అయిపోతుంది, అప్పుడు రాయి పొరలు రాలుతుంది. ఉప్పుగాలి తగిలితే ఇంకా తొందరగా. మీరు "కళ్ళు ఎర్రగా వెలిగాయి" అన్నారే, ఆ వెలుగు మానేసి కంటి గుంటలో రెండు గోమేదికపు గింజలు బయటపడ్డాయని రాయండి. అరిగిన కొద్దీ పైకి తేలతాయి. మాయ అవసరం లేదు, రాయి లక్షణమే.

కళింగపట్నం బీచి సీను పెడుతున్నట్టయితే, వాడికి అక్కడ ఒక రాత్రి గడిపాక చెంప మీద పొడి రాలాలి. నల్లటి నున్నటి శరీరం కావాలంటే వేరే రాయి. టెక్కలి వైపు నీలి గ్రానైట్ అందంగా ఉంటుంది, కానీ అది ఈనాటి క్వారీల వ్యాపారం, 900 ఏళ్ళ శిల్పానికి పెడితే దొరికిపోతారు.

ఇంకోటి, ముట్టుకునే సీను. రాయి చల్లగా ఉందని అందరూ రాస్తారు. పడమటి ఎండ తిన్న రాయి పొద్దు గుంకాక కూడా చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. తెల్లారుజామున మాత్రమే చల్లన. పల్లవి సాయంత్రం చెయ్యి పెడితే జ్వరం ఉన్నవాడి నుదురులా తగలాలి.

మేల్కొలుపుకి నేత్రోన్మీలనం వాడుకోండి. విగ్రహానికి ఆఖర్న కళ్ళు తెరిచే ఘట్టం. కుడివైపువాడికి అది జరిగి, తర్వాత శతాబ్దాల సున్నం పూతల కింద కళ్ళు మూసుకుపోయాయి. సున్నం ఒలిచిన రోజు కథ మొదలు.

మూడు లాంతర్ల సెంటర్
ఇప్పుడు వయసు. 900 ఏళ్ళవాడు 18 ఏళ్ళ పిల్లని ప్రేమిస్తే చదివేవాళ్ళకి కంపరం. "చూడ్డానికి ఇరవయ్యే" అనడం సమాధానం కాదు. లెక్క మార్చండి. ఏడాదికి ఒక్క రాత్రే మెలకువ, శివరాత్రి జాగారం రాత్రి. 900 రాత్రులంటే రెండున్నరేళ్ళు కూడా నిండవు. 17 ఏళ్ళ కుర్రాడిగా చెక్కారనుకుంటే వాడు బతికింది 20 లోపే. ఊరికే పడి ఉన్న కాలం వయసు కాదు. సున్నం ఒలిచాకనే రోజూ రాత్రి మెలకువ మొదలవుతుంది.

అసురుడు అలా కాదు, వాడు ఒక్క రాత్రీ నిద్రపోలేదు. వాడికి నిజంగా 900 ఏళ్ళు. కాబట్టి వాడి ప్రేమ పల్లవికి ప్రమాదం, మీరు వాడి నోట ఒక్క చెడ్డమాట పలికించకపోయినా.

కిటికీ దగ్గర వెయ్యి రాత్రులు చూశాను అనేది కొట్టెయ్యండి. అది వెంటపడటం, దానికి కాపలా అని పేరు పెట్టారంతే. పైగా ద్వారపాలకుడు లోపలికి చూడడు. వీపు లోపలికి, మొహం బయటికి. 900 ఏళ్ళుగా తను కాసేది ఏమిటో వాడు ఒక్కసారీ చూడలేదు.

జీడితోట అప్ప
ఇదిగోటి, ఈ మాట బాగుంది. ఒచ్చినోళ్ళందరూ ఆడి మొకం ఎదరగానే నిలబడతారు, కాని సూపు ఆణ్ణి దాటి లోపలికే ఎల్తాది. ఆణ్ణి సూసిన మొదటి మనిసి పల్లవి. "గుండె ఒక్క క్షణం ఆగి" కన్నా ఇది నయం కాదేటి?

భాష కూడా సెప్తాను. శ్రీకాకుళం పక్క పల్లెటూరి పిల్ల "నువ్వు ఎవరు, ఇక్కడ ఏం చేస్తున్నావు" అని అడగదు. "ఎవుల్రా నువ్వు? ఇక్కడేటి సేస్తన్నావు?" అంటాది. కాలేజీలో మాట్లాడినప్పుడు మళ్ళీ పుస్తకం భాష లాగ మార్చీసుకుంటాది, ఆ మార్పు సూపించండి. అమ్మ "బేగి రా" అనాలి, "త్వరగా రా" కాదు. ప్రతీ మాటా యాసలో పెట్టీకండి, సదవలేరు. వాక్యానికి ఒకటి రెండు సాలు.

వంశధార గట్టు
అబ్బాయి గ్రాంథికం మాట్లాడితే? నన్నయ కాలానికి దగ్గరవాడు కదా.

జీడితోట అప్ప
ఒద్దు బావూ. గుమ్మం కాడ నిలబడి జనం మాటలు ఇన్నోడు జనం మాటే మాట్లాడతాడు. ఒడిశా నుంచి ఒచ్చినోళ్ళ ఒడియా కూడా నాలుగు ముక్కలు ఒస్తాది ఆడికి.

తేలినీలాపురం కొంగ
ఆగండి. ఏడాదికి ఒక్క రాత్రే మెలకువ అన్నారు పైన. అయితే వాడు విన్నది శివరాత్రి జనం మాటలే. మొక్కులు, తోపులాట, తప్పిపోయిన పిల్లల పేర్లు, నిద్ర ఆపుకోడానికి చెప్పుకునే కబుర్లు. పెళ్ళి, పరీక్ష, వాన, పొలం అన్నీ మొక్కుల రూపంలోనే తెలుసు. "ప్రేమ" అనే మాట వాడి చెవిన ఎప్పుడూ పడకపోవచ్చు.

మూడు లాంతర్ల సెంటర్
ఒప్పుకుంటున్నాను, అది నా నియమంలోంచి నాకే తట్టని విషయం. వాడి మాటలన్నీ ఆ సంచిలోంచే రావాలి.

నాటుపెంకు
రాత్రిళ్ళు పల్లవి ఇంట్లోంచి ఎలా బయటపడుతుంది? ఎండాకాలం పెట్టకండి, ఊరంతా డాబాల మీదే పడుకుంటుంది, కరెంటు పోతే మరీనూ. కార్తీకమాసం పెట్టండి. తెల్లవారుజామున 4కి లేచి వంశధారలో స్నానం, గుడిలో దీపం. ఏ తల్లీ ఆపదు, పైగా మెచ్చుకుంటుంది. నవంబరు మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఇంచుమించు 6కి. అంటే రోజుకి రెండు గంటలు, అందులో స్నానం పోగా గంటన్నర. నెల రోజులకి 45 గంటలు. ప్రేమకి చాలు, 25 భాగాలకీ చాలు. డిసెంబరు చివర్లో రాత్రి 13 గంటలకి దగ్గర, జూన్‌లో 11 గంటలు కూడా ఉండదు. వాడి బతుకు ఎండాకాలంలో కుంచించుకుపోతుందన్నమాట, రెండో సగానికి ఒత్తిడి అక్కడ దొరుకుతుంది.

ఇంకో ఒత్తిడి: కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. పల్లవి ఇల్లు ఆ వంద మీటర్లలో పడిందనుకోండి. గోడ కూలుతోంది, కొత్తిల్లు కట్టడానికి లేదు, నాన్నకి గుడి మీదే కోపం. అసురుడికి బేరం పెట్టడానికి ఇంతకన్నా సందు ఏం కావాలి?

ఒంటిగంట బస్సు
చిన్న చిన్నవి.
శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. రైలు దిగి ఊళ్ళోకి నడిచి వెళ్ళిపోయే సీను రాయకండి, ఆటోనో బస్సో ఎక్కించండి.
సీతంపేట, పాలకొండ 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. రాజాం విజయనగరం జిల్లా. "శ్రీకాకుళం జిల్లా సీతంపేట" అనాలంటే కథ అంతకు ముందు జరగాలి.
తుపాను కావాలంటే తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటింది, పలాస, ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలమట్టం. కరెంటు లేని ఆ రాత్రులు కథకి పనికొస్తాయి, కాని అక్టోబరు 11కి కార్తీకం రాలేదు, రెండూ ఒకే భాగంలో కలపకండి.
అరసవల్లి సీను ఉంటే జాగ్రత్త. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు పొద్దుటి కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. ఎండ తగిలితే రాయయ్యేవాడికి జిల్లాలో దానికన్నా ప్రమాదమైన చోటు లేదు.

నిర్వాహకుడు
రెండు హద్దులు. ఇప్పుడు పూజలు జరుగుతున్న గుడి పేరు పెట్టి గర్భగుడి ముందు ముద్దు సీను రాస్తే ఇక్కడ ఉంచం. జలుమూరు, నరసన్నపేట మధ్య ఒక ఊరు కల్పించుకోండి, గుడి కూడా కల్పించుకోండి, శైలి మాత్రం ముఖలింగానిది తీసుకోండి. విజయనగరం పైడితల్లి జాతరలో పూజారి ఎక్కే సిరిమానుని మాయాయుధం చెయ్యాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. రెండోది, సవర గిరిజనుల "సోనుం"లు చనిపోయిన పెద్దలు, వాళ్ళతో కుటుంబం మాట్లాడుకుంటుంది. వాటిని దెయ్యాల సైన్యంగా వాడొద్దు. వాడాల్సి వస్తే గిడుగు రామమూర్తి సవర నిఘంటువు, వ్యాకరణం ముందు తిరగేయండి.

మూడు లాంతర్ల సెంటర్
అసురుణ్ణి బంధించే పద్ధతి గురించి ఒక్క ముక్క. నిమ్మకాయలు, ముగ్గు, హోమం ఒద్దు, చూసి చూసి విసుగెత్తింది. దయ్యాన్ని సీసాలో పెట్టి బిరడా బిగించడం గురజాడ కన్యాశుల్కం నాటకంలో గవరయ్య ఎప్పుడో నవ్వులపాలు చేసేశాడు, దాని తర్వాత ఎవరు సీరియస్‌గా రాసినా నవ్వే వస్తుంది. మీ నియమంలోనే జవాబు ఉంది. ఉద్యోగం వదిలినవాడు అసురుడైతే, ఎడమ పీఠం ఖాళీగా ఉన్నంతకాలం వాడు స్వేచ్ఛగా ఉంటాడు. ఎవరైనా ఆ పీఠం ఎక్కి నిలబడితే వాడికి ఇక తిరిగి వచ్చే చోటు లేదు. 38వ భాగంలో దాని మీద ఎవరు నిలబడతారో నేను చెప్పను.

వంశధార గట్టు
మొదటి పేరా తిరగరాశాను. రెక్కలు, గోపురం, కిటికీ పోయాయి.

"కార్తీక సోమవారం, తెల్లారుజాము నాలుగున్నర. అరటిదొప్పలో దీపం ఆరకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చింది పల్లవి. ఎడమవైపు పీఠం ఎప్పట్లాగే ఖాళీ. కుడివైపు ద్వారపాలకుడి బొటనవేలికి ఎవరో కుంకం పెట్టారు, ముక్కు సగం లేదు. నిన్నటిదాకా కళ్ళుండాల్సిన చోట సున్నం పెచ్చు ఉండేది. ఇవాళ లేదు. దీపం కొంచెం పైకెత్తింది. గుంటలో రెండు ఎర్రటి గింజలు. లోపల గంట మోగింది, ఆమె మాత్రం అటు తిరగలేదు.
‘సెప్పులక్కడ ఒగ్గీసి రా’ అన్నాడు అతను."

గోముఖి
గింజలు బాగా కుదిరాయి. దీపం వెలుగు కింద నుంచి పడుతోంది కాబట్టి కనుబొమ్మ నీడ నుదుటి మీదికి పోవాలి, ఆ ఒక్క ముక్క కలపండి.

జీడితోట అప్ప
నదిలో తానం సేసి తడిబట్టల్తో ఒచ్చిన పిల్లకి సెప్పులెక్కడివి? శివరాత్రి జనానికి కాపలా వోలంటీర్లు ఏటని అరుస్తారో అదే పెట్టండి: "పక్కకి తప్పుకో అమ్మా, లైను ఆగిపోతంది."

వంశధార గట్టు
ఎనక లైనులో ఎవులూ లేరు కదా అప్పా.

జీడితోట అప్ప
అందుకే మరి. ఆ పిల్ల ఎనక్కి తిరిగి సూస్తాది.